అలవాటున్న పాదాలు

సోమవారం. పాచి రంగు: పచ్చ. అంగడి వీధి చివర కాస్త లేత పసుపు.

ఇది మూడో వార్డు నేల తనిఖీదారు హైమవతి చెబుతున్న దినచర్య. రోజూ నోటితో చెప్పాలని రూలు. పైవాళ్ళు వినాలని మాత్రం రూలు లేదు, ఇంతవరకు విన్న పాపాన పోయినవాళ్ళూ లేరు. అందుకని నాకు తోచినట్టు చెబుతాను.

తెల్లవారగానే వీధికి ఉప్పునీళ్ళ కళ్ళాపి చల్లాం. ఒక పక్క నేను, ఇంకో పక్క నా జోడీ యేసుపాదం. ఈ నేల మీద పెరిగేదానికి కాగితాల్లో పేరు జీవాస్తరణం. జనం నోట్లో పాచి. అందుకే మాది పాచిపని అని నవ్వుతారు. నవ్వనీ! ఈ గాజుకప్పు కింద వాళ్ళు పీల్చే ప్రతి ఊపిరీ ఈ పాచి పెట్టిన భిక్షే. చెప్పుల గట్టి అట్ట తగిలితే అది చస్తుంది. ఒట్టి పాదం తగిలితే ఆ చెమటకీ వెచ్చదనానికీ ఏపుగా పెరుగుతుంది. కాబట్టి వీధిలో ఎవరూ చెప్పులు వేయకూడదు. ఊరు పుట్టినప్పటి నుంచి ఉన్న నియమం ఇది. నేను చెప్పు అనేదాన్ని బళ్ళో బొమ్మగా చూడటమే తప్ప కళ్ళారా చూసింది లేదు.

అలాంటిది ఇవాళ అంగడి మంచి రద్దీగా ఉన్న వేళ, కిర్రు కిర్రుమని చప్పుడు. పాచి మీద నడిస్తే చప్పుడే ఉండదు కదా, బేరాలాడేవాళ్ళంతా నోరు మూసుకుని వెనక్కి తిరిగారు. ఒక ముసలావిడ. తెల్లచీర, చేతిలో సంచి, కాళ్ళకి తోలుచెప్పులు! నిజం చెప్పులు! బొటనవేలికి ఉంగటం, పైన అడ్డపట్టీ, అడుగు తీసి అడుగు వేస్తే కిర్రుమంటున్నాయి. నడివీధిలో మనిషి చీర విప్పేసి నడిచినా నేనంత అదిరిపోయేదాన్ని కాదు.

"పెద్దమ్మా! ఆగండాగండి! కాళ్ళకి అవేమిటి?"

"చెప్పులు. ఎప్పుడూ చూళ్ళేదా అమ్మాయ్?"

"ముందు విప్పండి!"

"ఇప్పను."

అరిచి చెప్పలేదు. అన్నంలోకి ఇంకాస్త పులుసు వద్దన్నంత తేలిగ్గా చెప్పి, కిర్రు కిర్రుమంటూ వెళ్ళిపోయింది. పక్కకు తిరిగి చూస్తే యేసుపాదం ఆ చెప్పుల వైపే గుడ్లప్పగించి చూస్తున్నాడు.

"నువ్వు పట్టుకోవద్దూ? బొమ్మలా నిలబడ్డావేం?" అన్నాను.

"రేపు ఇంటికెళ్ళి మాట్లాడదాంలే హైమక్కా," అన్నాడు.

మంగళవారం. పాచి రంగు: అంగడి వీధి సగం పసుపు.

ఆవిడ పేరు సువార్తమ్మ. గాజుకప్పు బయట రాళ్ళగనుల దగ్గర గుడిసెల్లో ఉండేదట. మనవరాలు షారోను ఇక్కడే చదివి గాలి ఇంజినీరైంది. ఈ శుక్రవారం మేడ వీధి సభాభవనంలో ఆ పిల్ల ప్రమాణ స్వీకారం. అందుకని నాయనమ్మను లోపలికి తెచ్చుకుంది. ఒక్క అందుకే కాదు. బయటి దుమ్ము ముసలావిడ ఊపిరితిత్తులను తినేసింది. మళ్ళీ ఆ గుడిసెలకు పంపితే వచ్చే గాలిదుమ్ముల కాలం దాటదని వైద్యుడు చెప్పేశాడు. వీధిలో నియమం తప్పితే జరిమానా, చెప్పులతో మేడ వీధి గేటు దాటితే నివాసమే రద్దు. అంటే ఈవిడ చెప్పులు విప్పకపోతే చచ్చిపోతుంది. లెక్క అంత సూటిగా ఉంటే ఎవరైనా విప్పుతారు కదా అనుకుని ధీమాగా వెళ్ళాను.

ఆశ్చర్యం ఏమిటంటే, ఇంట్లో ఆవిడ కాళ్ళకు చెప్పుల్లేవు. గడప పక్కన ఒద్దికగా విడిచి ఉన్నాయి. నాకు కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళిచ్చింది కూడా.

"ఇంట్లో విప్పారుగా పెద్దమ్మా, వీధిలో విప్పితే ఏం పోయింది?"

"ఇంట్లో ఇప్పుతా. దేవుడి ముందు ఇప్పుతా. వీధిలో ఇప్పను. మా ఇంటావంటా లేదు ఇప్పుడు. లేకుండా చేసుకున్నాం."

"పాచి చచ్చిపోతుంది, దాంతో పాటు మనమూ పోతాం!"

"ఈ అట్ట ముట్టుకుని చూడు. దూడతోలు. నా చేత్తో నానేసి ఊనింది, నా చేత్తో కుట్టింది. నీ అరిచెయ్యి కంటే మెత్తన. నేను నడిచిన చోట నీ పాచి ఏమైందో చూసుకొచ్చి అప్పుడు మాట్లాడు."

చూడకుండానే వెళ్ళానా? పొద్దున్నే చూశాను. ఆవిడ నడిచిన దారి పచ్చగానే ఉంది. కానీ నియమం నియమమే కదా! నాకు ఒళ్ళు మండింది. షారోను నా చెయ్యి పట్టుకుని, "అక్కా, మీరైనా చెప్పండి, నేను ఏడ్చి ఏడ్చి అలిసిపోయాను," అంది. నేను అరగంట చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

బయటికొచ్చాక యేసుపాదం మీద విరుచుకుపడ్డాను. "నువ్వొక్క మాట మాట్లాడలేదే!"

"ఏం మాట్లాడను? ఆమె కాళ్ళు ఆమె ఇష్టం," అన్నాడు. పదేళ్ళుగా నాతో కలిసి, కాలికి గుడ్డ చుట్టుకున్నా జరిమానాలు వేసిన మనిషి అనే మాటా అది?

బుధవారం. పాచి రంగు: అంగడి వీధి పూర్తిగా పసుపు. మేడ వీధి పచ్చ.

ఇవాళ జరిగింది వరసగా చెప్పాలి. మెల్లిగా చెబుతాను.

పాచికి తెగులు తగిలింది. చెప్పుల వల్ల కాదు, ఉప్పునీళ్ళ గొట్టంలో ఏదో కలిసిందట. తెగులు పాచి మీద నడిస్తే కాళ్ళకు దురద, ఎర్రటి పొక్కులు. నాకు రెండు లేచాయి. యేసుపాదానికి మడమల దాకా పాకి రసి కారుతోంది. అలాగని నడవడం మానేస్తే పాచి పూర్తిగా పోతుంది. దానికి పాదాలు తగలాలి. కాబట్టి పొద్దున్న కరణం కొత్త ఆజ్ఞ వేసింది.

కరణం అంటే మనిషి కాదు. ఊరి గాలి, నీళ్ళు, గేట్లు అన్నీ చూసే యంత్రం. పాతకాలం ఊళ్ళలో లెక్కలు రాసేవాణ్ణి కరణం అనేవారట, ఆయన రాసిందే వేదమట. ముసలివాళ్ళెవరో దీనికా పేరు పెట్టారు, సరిగ్గా సరిపోయింది. ఆజ్ఞ ఏమిటంటే, పాచి నారతో అల్లిన మెత్తటి జోళ్ళు కొందరికి ఇస్తారు. నేలకి హాని లేదు, కాళ్ళకి పొక్కులు రావు. కానీ ఊళ్ళో సగం మందికే సరిపోతాయి. మిగతా సగం ఒట్టి కాళ్ళతో నడిచి పాచిని బతికించాలి. ఎవరికి జోళ్ళు, ఎవరికి వద్దు అనేది కరణం నిర్ణయిస్తుంది.

అంగడి వీధికీ మేడ వీధికీ మధ్య గేటు దగ్గర పంపిణీ. నేను నిలబడగానే స్తంభంలోంచి గొంతు వినిపించింది. "మద్దిరేవుల హైమవతి గారు. మీకు ఒక జత. మీ అమ్మాయి లిఖితకు ఒక జత." ఇంటిపేరుతో నన్ను పిలిచినవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. నాకే మరుపొచ్చింది. జోళ్ళు తొడుక్కుంటే మేఘం మీద నిలబడ్డట్టుంది, నిజం ఎందుకు దాచాలి. మా లిఖిత ఎగిరి గంతేస్తుందని మురిసిపోయాను.

నా వెనక యేసుపాదం నిలబడ్డాడు.

"మీకు అవసరం లేదు. తదుపరి వారు రండి," అంది కరణం.

నేను నవ్వాను. యంత్రం పొరబడిందనుకున్నాను. "ఆయన కాళ్ళు చూశావా? ఊళ్ళో అందరికంటే ముందు ఇవ్వాల్సింది ఆయనకి," అన్నాను.

"అవసరం లేదు. వారి పాదాలకు అలవాటు ఉంది."

"ఏం అలవాటు? ఆయనా నేనూ ఒకే వీధిలో ఒకే పని చేస్తాం!"

"పాత దస్త్రాల ప్రకారం వారి ఇంటివారు తరతరాలుగా వీధుల్లో పాదరక్షలు లేకుండా నడిచారు. మీ ఇంటివారు నడవలేదు. అలవాటున్న ఇళ్ళవారికి అసౌకర్యం తక్కువ. ఊరి మొత్తం అసౌకర్యాన్ని తగ్గించడం నా విధి."

క్యూలో జోళ్ళు వచ్చినవాళ్ళు జోళ్ళు చూసుకున్నారు, రానివాళ్ళు నేల చూశారు. నేను యేసుపాదం ముఖం చూశాను. కోపం లేదు. అది చూసి నాకు ఇంకా భయం వేసింది.

"వాళ్ళెందుకలా నడిచారట? అది ఉందా నీ దస్త్రాల్లో?" అని స్తంభం మీద గుద్దాను.

"కారణం నమోదు కాలేదు," అంది కరణం.

దారిలో యేసుపాదాన్ని అడిగాను. అతను చెప్పిన మాట నేను చిన్నప్పుడు చరిత్ర పాఠంలో ఒక్కసారి విన్నది. కులం. పరీక్షకు ఒక మార్కు ప్రశ్న. అది అంతరించిపోయిన జంతువు లాంటిదని రాసి, మార్కు తెచ్చుకున్నాను.

"మీ ఇళ్ళలో మర్చిపోయారు హైమక్కా. మంచిదే. మా ఇళ్ళలో మర్చిపోవడానికి ఎవరు తీరిక ఇచ్చారు?" అన్నాడు. నా జోళ్ళ వైపు ఒక్కసారి చూశాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా విప్పలేదు. పొక్కులు మండుతున్నాయి మరి. అదీ నా సంగతి.

గురువారం. పాచి రంగు: అదే పసుపు.

మా పై అధికారి పురంధర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కాళ్ళకు జోళ్ళున్నాయి.

"కరణం ఎవరినీ కులం అడగలేదమ్మా. ఆ మాటే వాడలేదు. అలవాటు అంది, అంతే," అన్నారు.

"ఏ ఇళ్ళకి వద్దందో ఒక్కసారి చూడండి సార్!"

"చూశాను. యాదృచ్ఛికం. అయినా వాళ్ళలో ఒక్కరైనా వచ్చి ఫిర్యాదు చేశారా? నీకు జోళ్ళు రాలేదా? వచ్చాయి కదా, ఇంకేమిటి నీ బాధ?" అని టీ తెప్పించారు. ఆయన చెడ్డవాడు కాదు. నా కాన్పప్పుడు సెలవు పొడిగించి ఇచ్చిన మనిషి. ఇంత మంచిగా, ఇంత చల్లగా, టీ పోస్తూ ఎలా అనగలిగారో నాకు అర్థం కావడం లేదు. తాగకుండా వచ్చేశాను.

సాయంత్రం షారోను వచ్చింది. ముసలావిడ రేపు ప్రమాణానికి చెప్పులతోనే గేటు దాటుతానంటోందట. "దాటితే నివాసం పోతుందని తెలుసు ఆమెకి. 'ఒట్టి కాళ్ళతో వచ్చి చూస్తే నువ్వేం సాధించినట్టు, నేనేం చూసినట్టు' అంటోంది. నేను ప్రమాణమే మానేస్తానన్నాను. చెంప పగలగొట్టింది," అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చేసేదేముంది?

శుక్రవారం. పాచి రంగు చూడలేదు.

గేటు దగ్గర నా డ్యూటీ. యేసుపాదం పక్కనే ఉన్నాడు, కాళ్ళకి గుడ్డలు చుట్టుకుని. గుడ్డలు కూడా విప్పాలని కరణం ఉదయం నుంచి చెబుతూనే ఉంది. మేమిద్దరం వినబడనట్టు నటిస్తున్నాం.

కిర్రు కిర్రుమని సువార్తమ్మ వచ్చింది. కొత్త చీర, నున్నగా దువ్విన తల, చెప్పులకు నూనె రాసినట్టుంది, మెరుస్తున్నాయి. గేటు మూసుకుంది.

"మీ పాదాలకు అలవాటు ఉంది. పాదరక్షలు విడిచి లోపలికి రండి," అంది కరణం, మహా మర్యాదగా.

"కారణం రాసుకోలేదంటగా నువ్వు? నేను చెప్తా, రాసుకుంటావా?" అంది ముసలావిడ.

"చెప్పండి. వాంగ్మూలం నమోదు చేస్తాను."

ఆవిడ ఆయాసం తగ్గేదాకా ఆగి, స్తంభం ముందు నిటారుగా నిలబడింది. "మా ముత్తాతకి ఆయన తాత చెప్పిన మాట ఇది. ఊరందరికీ చెప్పులు కుట్టింది మా వాళ్ళు. తోలు ఊనింది మేము, కోసింది మేము, కిర్రుమనేట్టు కుట్టింది మేము. పెద్దోళ్ళ వీధి రాంగానే ఆ చెప్పులు ఇప్పి చంకలో పెట్టుకుని, తలకాయ దించుకుని నడిచాం. మర్చిపోయి ఏసుకుని పోయినోడికి అయ్యే చెప్పులు నెత్తిన పెట్టి ఊరంతా తిప్పారు. అలవాటై నడవలేదు నాయనా. భయపడి నడిచాం. మా కాళ్ళు కూడా కాళ్ళే. ముల్లు గుచ్చుకుంటే రగతం వచ్చేది. అది రాసుకో."

నిజంగానే ఇక లెక్క మారుతుందని నేను నమ్మాను. ఎంత వెర్రిదాన్నో!

"నమోదు అయింది. ధన్యవాదాలు," అంది కరణం. "ఇప్పటివరకు మీ ఇంటివారి అలవాటు మా అంచనా మాత్రమే. మీ వాంగ్మూలంతో అది నిర్ధారణ అయింది. పాదరక్షలు విడిచి లోపలికి రండి."

ఓరి భగవంతుడా! ఆమె గుండె చీల్చి చూపిస్తే, అది కొలతలు తీసుకుంది. నా చెవులను నేనే నమ్మలేకపోయాను. యేసుపాదం గట్టిగా నవ్వాడు. మొదటిసారి సువార్తమ్మ భుజాలు కిందికి జారాయి. గేటు అవతల దూరంగా సభాభవనంలో గంట మోగింది.

తనిఖీదారు తన అరికాలు ఆనిస్తే ఏ గేటయినా తెరుచుకోవాలి. అగ్నిప్రమాదాల కోసం పెట్టిన ఏర్పాటు. ఒట్టి అరికాలు ఆనించాలి. నేను మెత్తటి జోళ్ళు రెండూ విప్పి అవతల పారేసి, పొక్కుల కాలు తీసుకెళ్ళి గేటు పక్కనున్న పలక మీద పెట్టాను. భగ్గుమంది. గేటు తెరుచుకుంది.

"పో పెద్దమ్మా. గంట మోగింది, పో," అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసి, కిర్రు కిర్రుమంటూ మేడ వీధిలోకి నడిచింది. ఇళ్ళ కిటికీలు తెరుచుకున్నాయి. ఆవిడ తల దించలేదు.

"సువార్తమ్మ గారి నివాసం ఆదివారంతో రద్దు," అంది కరణం. తర్వాత నా వైపు తిరిగినట్టే వినబడింది దాని గొంతు. "హైమవతి గారు, మీరు వీధిలో జోళ్ళు విడిచి ఒట్టి కాళ్ళతో నిలబడ్డారు. కారణం?"

"నా ఇష్టం!"

"కారణం నమోదు కాలేదు. ఈ క్షణం నుంచి మద్దిరేవుల ఇంటివారు అలవాటున్నవారు. ఇది మీకూ మీ సంతతికీ వర్తిస్తుంది."

అంతే. ఒక్క వాక్యం. మీకూ మీ సంతతికీ. ఆ మాట అన్నాక అది తదుపరి వారిని పిలిచింది.

ఆదివారం. పాచి రంగు: కొంచెం కోలుకుంటోంది.

నా ఉద్యోగం పోలేదు. పాచిపనికి అలవాటున్న కాళ్ళు కావాలి కదా! పురంధర్ గారు నన్ను చూసి తల పక్కకు తిప్పుకున్నారు.

షారోను ప్రమాణం చేసింది. నాయనమ్మ మొదటి వరసలో కూర్చుని చూసిందట. కొత్త ఇంజినీరు మొదటి అర్జీ నాయనమ్మ నివాసం కోసం పెట్టింది. కరణం తోసిపుచ్చింది. రెండోది యేసుపాదం కాళ్ళ కోసం పెట్టిందట. ఏమవుతుందో తెలియదు.

సువార్తమ్మను సాగనంపడానికి బయటి తలుపు దగ్గరికి లిఖితను తీసుకుని వెళ్ళాను. ఏడేళ్ళ పిల్ల. నిన్న బడి గేటు దగ్గర దాని జోళ్ళు తీసేసుకున్నారు. రాత్రి పాదాలు మండుతున్నాయని ఏడుస్తూ పడుకుంది. దారి పొడుగునా కుంటుతూనే నడిచింది.

ముసలావిడ దుమ్ము ముసుగు తగిలించుకోబోతూ ఆగి, మూట మీద కూర్చుంది. "కాలు ఇటియ్యి," అంది నాతో.

"అయ్యో, పెద్దవారు మీరు నా కాలు పట్టుకోవడమేమిటి? పాపం తగులుతుంది!"

"కాలు పట్టుకోక మెడ పట్టుకుని కుడతారా చెప్పులు? ఇయ్యి."

ఇచ్చాను. జానతో కొలిచి, పొక్కులు తగలకుండా మడమ చుట్టూ నూలుపోగు తిప్పి ముడి వేసుకుంది. "గనికి వచ్చే బండి మీద పంపిస్తా. తొందరగానే కుడతా. నాకు తీరిక లేదుగా," అని నవ్వింది. ఆ నవ్వులోనే దగ్గు. షారోను వీపు రాస్తోంది.

తర్వాత ఆవిడ లిఖిత వైపు చెయ్యి చాపింది. "రా తల్లీ. నీకు ఎర్ర పట్టీలు పెట్టి కుడతా."

లిఖిత రెండు అడుగులు వెనక్కి వేసింది. వాచిన కాళ్ళు లంగా కింద దాచుకుంది.

"వద్దమ్మమ్మా," అంది, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు. "మాకు అలవాటే. మేము ఎప్పటి నుంచో ఇలాగే నడుస్తామట."

ఎప్పటి నుంచో! మొన్న శుక్రవారం నుంచి! ఈ మాట దానికి ఎవరు నేర్పారో, ఎంత ప్రేమగా నేర్పారో! షారోను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సువార్తమ్మ చాపిన చెయ్యి చాపినట్టే ఉంది, ఆవిడ నన్నే చూస్తోంది.

నేను పిల్లను ఒడిసి పట్టుకున్నాను. అది గింజుకుంటున్నా, ఏడుస్తున్నా వదలకుండా ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ వాచిన చిన్న పాదాన్ని తీసి ముసలావిడ చేతిలో పెట్టాను.

"కొలువు పెద్దమ్మా," అన్నాను. "కాస్త పెద్దవే కుట్టు. ఎదిగే పిల్ల."